రెండు బోర్లు సాకు

రాళ్ళకుంట గని కాలనీ,
ఆగస్టు 12, 1998.

వరూధినీ,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు, అందుకే ఉత్త పేరుతో మొదలుపెట్టాను. ఫోను చేద్దామంటే ఇక్కడ ఎస్టీడీ ఉన్నది ఆఫీసులో, మేనేజరు గది పక్కనే. అక్కడ నిలబడి నిన్ను తిట్టలేను. తిట్టడానికే ఈ ఉత్తరం.

మా గనిలో బొగ్గు కొత్తగా తవ్వబోయే ప్యానెల్‌లో గ్యాసు ఎంత ఉందో తేల్చే పని ఒక బెంగుళూరు కంపెనీకి ఇచ్చారని, ఆ కంపెనీలో నువ్వున్నావని తెలిసిన రోజు కాలనీ అంతా చెప్పుకు తిరిగాను. హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉండి ఎమ్మెస్సీ జియాలజీ చదివిన మనిషి, లెక్క తప్పనివ్వదు అన్నాను. రిపోర్టు వచ్చింది. మ్యాపు చూశాను. ఎవరు గీశారే దాన్ని? ప్యానెల్ మధ్యలో ఫాల్ట్ ఉంది. ఎప్పుడో భూమి పగిలి, తూర్పు వైపు పొరలన్నీ కిందికి జారిపోయిన చోటు అది. గ్యాసు చూడడానికి మీరు వేసిన బోర్లన్నీ దానికి పడమటే ఉన్నాయి, తూర్పున ఒక్కటీ లేదు. అయినా మీ గీతలు ఫాల్ట్ అనేదే లేనట్టు నున్నగా ఇటు నుంచి అటు వెళ్ళిపోయాయి. అటూ ఇటూ ఒకటే గ్యాసు, మొదటి డిగ్రీ, భయపడాల్సింది లేదు అని తేల్చేశారు.

పడమట బొగ్గు మీద ఇసుకరాయి ఉంది. మీథేన్ ఎన్ని యుగాల నుంచో అందులోంచి పైకి పోతూనే ఉంది కాబట్టి మిగిలింది తక్కువ. తూర్పున అలా కాదు. మల్లికార్జున్ ఫాల్ట్ దాకా తవ్విన దారి చివర నుంచి, అవతలి బొగ్గు పైకప్పు రాయి ముక్క ఒకటి టిఫిన్ డబ్బాలో ఇంటికి పెట్టుకొచ్చి నాకిచ్చాడు. షేల్. బిగువైన మట్టిరాయి, నీళ్ళు పోస్తే చుక్క దిగదు. అక్కడ బొగ్గు ఇంకా లోతున ఉంది, మీద ఈ షేల్ మూత ఉంది, పక్కన ఫాల్ట్ సందంతా బంకమట్టి మెత్తుకుపోయి ఉంది. ఇక గ్యాసు ఎటు పోతుంది? గిన్నెకు మూత పెట్టి ఆవిరి లేదంటే ఎలా?

అందుకే గని ఆఫీసు జియాలజిస్టుగా, తూర్పున రెండు బోర్లు వేయమని అడిగాను. మేనేజరు మీ డైరెక్టరు అభిప్రాయం కోరాడు. ఫాక్సు వచ్చింది. దాన్ని షిఫ్టు మారే వేళ, లోపల పని చేయించే ఓవర్‌మన్లు, సర్దార్లు అందరి ముందూ పైకి చదివాడు. నేనడిగిన బోర్లు సాకట. వట్టి సాకు. చదివి, నవ్వుతూ, "మీ ఆయన ఓవర్‌మనే కదమ్మా. కొత్త ప్యానెల్‌కి పంపడం ఇష్టం లేకపోతే నేరుగా చెప్పొచ్చుగా" అన్నాడు. మల్లికార్జున్ అక్కడే ఉన్నాడు. తల దించుకుని ల్యాంపు రూములోకి వెళ్ళిపోయాడు.

నీ కంపెనీ నన్ను అబద్ధాలకోరును చేసింది. ఆ ఫాక్సు రాసేటప్పుడు నువ్వు పక్క కుర్చీలోనే ఉండి ఉంటావు. ఏం చేస్తున్నావు?

సత్యభామ


యలహంక,
ఆగస్టు 20, 1998.

సత్యా,

నీకు మతి పోయిందా? నీ రెండు బోర్లు వేయమని ఇక్కడ పోట్లాడింది నేను. ఆ మ్యాపు కంప్యూటరు గీసింది. బోర్ల అంకెలు ఇచ్చారు గానీ ఫాల్ట్ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. నేను తూర్పున ఐదు బోర్లు కావాలన్నాను. మా డైరెక్టరు మునినారాయణప్ప గారు ఐదుకు ఒప్పుకోలేదు, రెండుకు ఒప్పుకున్నారు. సరిగ్గా నువ్వడిగిన రెండే. వేయమని రాశారు కూడా. ఆ కాగితం ఫాక్సు మిషన్లో పెట్టింది నేను. మీ మేనేజరు వేయకపోతే అతన్ని నిలదీయి. అక్కడ నోరు మూసుకుని ఇక్కడ నా మీద పడతావేం? కాలనీ అంతా చెప్పుకు తిరిగావట. చెప్పుకునేటప్పుడు నేను నీదాన్ని, తిట్టేటప్పుడు కంపెనీదాన్నా?

పైదంతా పొద్దున రాశాను. కొట్టేయను. నువ్వు నన్ను తిట్టావు, నేను నిన్ను తిట్టాను, చెల్లుకు చెల్లు.

మధ్యాహ్నం ఫైల్లోంచి ఆ ఫాక్సు తీసి మళ్ళీ చదివాను. ఉన్నది ఇదీ: "మీ ఆఫీసు అమ్మ అడిగిన రెండు బోర్లు సాకు అప్పా. ఇంకేమీ వద్దు. పని చూసుకోండి."

మునినారాయణప్ప గారిది దేవనహళ్ళి. నాలుగు తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. రిపోర్టు ఇంగ్లీషులోనే పంపినా, తెలుగువాళ్ళకైతే తెలుగులో చేత్తో నాలుగు ముక్కలు రాయడం ఆయనకు మోజు. ఇక్కడి తెలుగులో సాకు అంటే చాలు. కన్నడ మాట అది, వీళ్ళ తెలుగులో కలిసిపోయింది. హోటల్లో సాంబారు పోసేవాడికి చెయ్యి అడ్డం పెట్టి నేనూ సాకు అంటాను. ఆరేళ్ళలో చెవి ఎంత అలవాటుపడిందంటే, ఆ కాగితం చదివినప్పుడు నాకు చాలు అన్న మాటే వినిపించింది. మన అర్థం తట్టనే లేదు.

రెండు బోర్లు చాలు, అంతకు మించి వద్దు, ఆ పని చూడండి అని ఆయన రాశారు. రెండు బోర్లు నెపం, అవేమీ వద్దు, గని పని చూసుకోండి అని మీ మేనేజరు చదివాడు.

వెళ్ళి అడిగాను. బల్ల మీద చక్కోత పండు, అదే మన పంపర పనస, ఒలుచుకుంటున్నారు. "సాకు అంటే సాకే కదమ్మా. దాంట్లో తప్పు చదివేదానికి ఏముండాది?" అన్నారు. విషయం చెప్పాక ఆ మనిషికి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

ఈ ఉత్తరం తీసుకెళ్ళి మీ మేనేజరుకు చూపించు. పై పేరా మడిచిపెట్టి చూపించు.

నీ వరూ


రాళ్ళకుంట,
సెప్టెంబరు 5, 1998.

వరూ,

తిట్టినందుకు క్షమాపణ చెప్పను. నువ్వూ తిట్టావుగా. కానీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్క మాట. ఒక్క సాంబారు మాట.

మేనేజరుకు చూపించాను, మడవకుండానే. చదివాడు. ముందు కొంచెం కంగారుపడ్డట్టే కనిపించాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "నేను తెలుగువాణ్ణి. తెలుగులో రాసిన కాగితం తెలుగులోనే చదువుతాను. మీ స్నేహితురాలు చేత్తో రాసిన ఉత్తరం ఫైల్లో పెట్టలేను. వాళ్ళ డైరెక్టరుని సంతకం పెట్టి కొత్త లెటరు పంపమనండి" అన్నాడు. బోరు మిషన్ ఇప్పటికే వేరే గనికి పంపేశాడట. దసరా తర్వాత ప్యానెల్ తెరవాలని పైనుంచి ఒత్తిడి ఉందట.

అతనికి ఇప్పుడు అర్థం తెలుసు. తెలిసి కూడా ఆ తప్పు అర్థాన్నే పట్టుకు కూర్చున్నాడు. అది అతనికి సుఖంగా ఉంది. అసలైన సాకు అదీ. ముందు తెలియక చదివినవాడి మీద నాకు అంత కోపం లేదు. తెలిశాక నవ్విన నవ్వు చూస్తే చేతికందిన పేపర్‌వెయిట్ విసరాలనిపించింది.

మొదటి డిగ్రీ అని రాసి ఉంది కాబట్టి మామూలు కేబుళ్ళే వేస్తున్నారు. గాలి పంపే ఫ్యాను కూడా పాతదే. గ్యాసు ఎక్కువున్న రెండో డిగ్రీ అయితే ఇవన్నీ మార్చాలి. నాకు లోపలికి దిగి ఆ తూర్పు గోడ దగ్గర ఒక్క గంట నిలబడాలని ఉంది. ఆడవాళ్ళు భూగర్భంలో పని చేయకూడదని చట్టం. బంగారు పతకం తెచ్చుకున్న జియాలజిస్టును, బొగ్గు ఎలా ఉందో మొగుడి టిఫిన్ డబ్బా చూసి తెలుసుకుంటున్నాను.

ఆ లెటరు పంపించు. త్వరగా.

సత్య


యలహంక,
సెప్టెంబరు 24, 1998.

సత్యా,

లెటరు ఇంకా రాలేదని నాకు తెలుసు. రాదు. ఎందుకు రాదో ఇన్నాళ్ళూ నీకు రాయలేదు, రాయడానికి సిగ్గేసింది.

మీ వాళ్ళవి ఇంకో నాలుగు గనులున్నాయి. వాటి గ్యాసు మ్యాపుల పని కూడా మాకే ఇస్తామని మీ మేనేజరు ఫోనులో అన్నాడట. ఇప్పుడు "మీరు మా కాగితం తప్పు చదివారు" అని రాస్తే ఆయన్ను అవమానించినట్టు అవుతుందని మా డైరెక్టరు భయం. "చూద్దామమ్మా, చూద్దాం. వాళ్ళ ఊర్లో వాళ్ళకి తెలీదా ఏమి? మనం చెప్పేది చెప్పినాము" అంటున్నారు. రోజూ వెళ్తున్నాను. రోజూ అదే మాట. నిన్న తలుపు వేసుకుని, "చెప్పలేదు సార్. మీరు చెప్పామనుకుంటున్నది అక్కడికి చేరలేదు" అన్నాను. పైన ఎయిర్‌ఫోర్స్ విమానం ఒకటి పోతోంది, ఆ మోతకు ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. విమానం పోయాక కూడా తీయలేదు.

చెడ్డవాడైతే ఎంత బావుండేది. ఇక్కడికి వచ్చిన కొత్తలో అద్దెకు ఇల్లు దొరక్కపోతే వాళ్ళింట్లో నెల రోజులు పెట్టుకుని అన్నం పెట్టారు. ఆ అన్నం గుర్తొచ్చి ఇంకా ఎక్కువ మండుతోంది నాకు.

ఒకటి అడుగుతాను. రెండు ఉత్తరాల్లో ఫ్యాను గురించి, కేబుళ్ళ గురించి, మేనేజరు నవ్వు గురించి రాశావు. ఆ ప్యానెల్‌కు వెళ్ళే ఓవర్‌మన్ ఎవరో రాయలేదు. ఎవరు?

వరూ


రాళ్ళకుంట,
అక్టోబరు 14, 1998.

వరూ,

అతనే.

వేరేవాళ్ళ పేరు వేశారు మొదట. ఇతనే వెళ్ళి మార్పించుకున్నాడు. ఆ రోజు ఫాక్సు చదివినప్పటి నుంచి ల్యాంపు రూములో, క్యాంటీన్లో, స్నానాల దగ్గర ఒకటే ఎగతాళి. సాకు మల్లన్న అని పేరు పెట్టారు. ఎవరైనా సెలవు అడిగితే "మల్లన్న దగ్గర ఒక సాకు అడుక్కో" అంటారట. నాకు ఇవేవీ చెప్పలేదు. పైకప్పుకు దుంగలు నిలబెట్టే టింబర్‌మన్ లింగన్న భార్య ఈరమ్మ కుళాయి దగ్గర చెప్పింది.

నేను ఏడ్చాను, అరిచాను, గ్లాసు ఒకటి పగలగొట్టాను. అతను గాజు ముక్కలు ఏరుతూ, "నువ్వు చెప్పింది నిజమే కావొచ్చు. గాని నేను పోకుంటే ఇంకోడు పోతడు. వానికి ల్యాంపుల గ్యాసు సూసుడు నా అంత రాదు. నేనుంటే జర ముందుగాల తెలుస్తది. సాకులు చెప్పెటోని లెక్క ఇంట్ల కూసోమంటవా?" అన్నాడు.

కోపంగా ఉంది వరూ. మేనేజరు మీద, మీ చక్కోత పండు ఆయన మీద, నీ మీద, ఇతని మీద. ఎగతాళి చేసిన ప్రతివాడి మీదా. వాళ్ళూ అదే ప్యానెల్లో పని చేసేవాళ్ళు, తమ ప్రాణం మీదికి తెచ్చుకుంటూ నవ్వుతున్నారు. లింగన్న ఒక్కడే నవ్వలేదట. ఇతనితో పాటు తన పేరూ వేయించుకున్నాడు.

వచ్చే సోమవారం తెరుస్తారు.

సత్య


యలహంక,
నవంబరు 9, 1998.

సత్యా,

ఇది సంతోషంగా రాస్తున్నాను. చాలా రోజుల తర్వాత.

మొన్న మా డైరెక్టరు గదిలోకి వెళ్ళి ఆయన లెటర్‌హెడ్ ఆయన ముందు పెట్టాను. పెన్ను మూత తీసి పక్కనే పెట్టాను. "రాయండి సార్. రెండు బోర్లు తప్పకుండా వేయాలి, సాకు అంటే చాలు అని. మీరు రాయకపోతే నేను నా పేరుతో రాస్తాను, మేనేజరుకూ, గనుల భద్రత చూసే ఇన్‌స్పెక్టరుకూ పంపుతాను" అన్నాను. ఆయన కాగితం పక్కకు జరిపారు. "నా తెలుగు సరి లేదంటావా? మా తాత మాట్లాడిన తెలుగమ్మా ఇది" అన్నారు. ఆయన్ను బాధ పెడుతున్నది ఆ మాట ఒక్కటేనని అప్పుడు అర్థమైంది. బోర్లు కావు, గ్యాసు కాదు, మనుషులు కారు. తన తెలుగు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ తెలుగు బంగారం సార్. ఆ బంగారం పుణ్యాన నా స్నేహితురాలి మొగుడు లోపల ఉన్నాడు" అన్నాను.

రాయలేదు. నేనే రాశాను, రెండు చోట్లకూ ఫాక్సులో పంపాను. మ్యాపు తూర్పు భాగానికి బోరు ఆధారం లేదని, మొదటి డిగ్రీ అన్నది పడమటికే చెల్లుతుందని, సంతకంతో. సాయంత్రం ఉద్యోగం వదులుకున్నాను. వాళ్ళు తీసేసే లోపు నేనే వదిలానని చెప్పుకోవడం బావుంది. ఇన్‌స్పెక్టరు ఆఫీసు నుంచి వస్తామని జవాబు వచ్చింది. వాళ్ళు వచ్చేదాకా ఎలాగైనా అతన్ని ఆపు. జ్వరమని చెప్పించు. అవును, సాకే చెప్పించు.

నీ వరూ


రాళ్ళకుంట,
నవంబరు 21, 1998.

వరూధినీ,

నీ ఉత్తరం నిన్న చూశాను. నువ్వు సంతకం పెట్టే రోజుకే అయిపోయింది.

ఆరో తారీకు మొదటి షిఫ్టు. తూర్పు గోడ దగ్గర ల్యాంపు వత్తి మీద నీలం మంట లేచింది. గ్యాసు ఉంటే అలా లేస్తుంది, నీకు తెలుసు. మల్లికార్జున్ చూశాడు. ఎవరికన్నా ముందు చూశాడు, తను అన్నట్టే. అందరినీ వెనక్కి పంపించి, దారి మొదట్లో ఉన్న ఫోన్లో పైకి చెప్పాడు. పైన ఎత్తింది మేనేజరు. ఏమన్నాడో తెలుసా? "మళ్ళీ సాకేనా మల్లన్నా?"

ఇంకోసారి చూసి చెప్పమన్నాడు. ఇతను ఇంకోసారి చూడ్డానికి వెనక్కి వెళ్ళాడు. ఒంటరిగా పంపనని లింగన్న వెంట వెళ్ళాడు. కరెంటు ఇంకా తీయలేదు. కేబుల్ జాయింటు దగ్గర నిప్పురవ్వ రేగింది.

లింగన్న అక్కడే పోయాడు. మల్లికార్జున్‌కు రెండు చేతులూ, ముఖం ఒక పక్కా కాలాయి. బతుకుతాడన్నారు. ల్యాంపు పట్టుకోలేడు ఇక.

నీ సంతోషం చదివాను. చదివి మడిచి పెట్టాను.

సత్యభామ


యలహంక,
డిసెంబరు 2, 1998.

సత్యా,

మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. బెంగుళూరులో కాలిన గాయాలకు మంచి వార్డు ఉందని విచారించాను, మా ఇంట్లో మీ ఇద్దరికీ చోటుంది. అంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

మునినారాయణప్ప గారు కబురు చేశారు. విచారణకు ఆయన్ను పిలిచారట. నన్ను వెంట రమ్మంటున్నారు, సాకు అంటే ఇక్కడ చాలు అని సాక్ష్యం చెప్పాలట. ఆ మాట రాసివ్వమని నేను బతిమాలినప్పుడు ఆయన పెన్ను ముట్టలేదు. ఇప్పుడు తన మీదికి రాగానే ఆ అర్థం కావలసి వచ్చింది. వస్తాను. ఆయన కోసం మాత్రం కాదు. ఆయన రాయనన్న సంగతి కూడా చెప్తాను.

వరూ


రాళ్ళకుంట,
ఫిబ్రవరి 8, 1999.

వరూ,

నువ్వు సాక్ష్యం చెప్పి బస్సెక్కిన తర్వాత జరిగింది రాస్తున్నాను. నువ్వు ఉండాల్సింది.

ముందు బోర్ల సంగతి. ఆ రెండూ ఇప్పుడు వేశారు. రెండింట్లోనూ షేల్ మూత, దాని కింద గ్యాసు. రెండో డిగ్రీ. నా లెక్క సరిపోయింది. ఈ సరిపోవడం కన్నా అసహ్యమైనది నా జీవితంలో ఇంకోటి లేదు.

మధ్యాహ్నం మేనేజరు ఒక తెలుగు నిఘంటువు పట్టుకొచ్చాడు. సాకు అంటే నెపం, మిష అని చదివి వినిపించాడు. మీ డైరెక్టరు లేచి కన్నడ నిఘంటువు తీశాడు. సాకు అంటే చాలు. ఇద్దరూ చేతుల్లో పుస్తకాలు పట్టుకుని వాదించుకున్నారు. విచారణాధికారి ఇద్దరివీ రాయించుకుంటున్నాడు. ఫోన్లో ఏమన్నావని మేనేజరును ఎవరూ అడగలేదు. నేను లేచి అడిగాను. అది వేరే అంశమమ్మా, దాని వంతు వచ్చినప్పుడు చూద్దాం అన్నారు. మల్లికార్జున్ కట్టుకట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాడు. నేను అరవబోయాను.

నా పక్కన ఈరమ్మ లేచింది. ఆమెను ఎవరూ సాక్షిగా పిలవలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని నిలబడింది.

"అయ్యా, పొద్దుటి సంది సాకు అంటే ఇదని మీరు, అదని ఆయన. నాకు చదువు రాదు. మా ఇంట్ల సాకుడంటే పెంచుడు. నా ముగ్గురు పిల్లలని ఇగ ఎవరు సాకుతరు? అది గూడ రాస్కోండ్రి."

టైపు మిషన్ ఆగిపోయింది. విచారణాధికారి టైపిస్టు కేసి చూశాడు. టైపిస్టు మేనేజరు కేసి చూశాడు. అది విచారణకు సంబంధించింది కాదు, కూర్చోమ్మా అన్నాడు అధికారి. ఈరమ్మ కూర్చోలేదు. సాయంత్రం గది తాళం వేసేదాకా అలాగే నిలబడింది. నేనూ ఆమె పక్కన నిలబడ్డాను.

రేపు మళ్ళీ విచారణ ఉంది. మేమిద్దరం వెళ్తున్నాం. ఈరమ్మ మాట రాసుకునేదాకా రోజూ వెళ్తాం. నువ్వు కూడా రా. ఓదార్చడానికి అయితే రావద్దు.

సత్య